ఆర్భాటం తోట

మా నాయన ముప్పై మూడేళ్ళు పనిచేసిన తోట అసలు పేరు అర్బొరేటం, అంటే చదువు కోసం రకరకాల చెట్లు పెంచే తోట. ఆ మాట అక్కడ పనిచేసేవాళ్ళెవరికీ నోరు తిరిగేది కాదు. మొదట్లో ‘అరబేటం’ అన్నారట, తర్వాత ‘ఆర్బటం’ అయింది, నాకు ఊహ తెలిసేసరికి ‘ఆర్భాటం’ దగ్గర నిలబడిపోయింది. “ఈ పొద్దు పని యాడ?” అంటే “ఆర్భాటంలో” అని జవాబు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని ఏదో వైభవం ఊహించుకునేవాళ్ళు. తీరా చూస్తే నాలుగెకరాల గులకరాళ్ళ నేల, చుట్టూ కిత్తనార కంచె, ఒక మూల బావి, దాని మీద దగ్గుతూ ఆగుతూ నడిచే ఆయిలింజను, మనిషెత్తు కూడా లేని మొక్కలు. ఆర్భాటమంతా పేరులోనే.

ఊరు తిరుపతి. కాలేజీ పేరు చెప్పను. అందులో చదివినవాళ్ళు, పనిచేసినవాళ్ళు ఇంకా ఉన్నారు. పైగా నేను రాయబోయే దాంట్లో ఒక తప్పుంది, అది నాది.

మా నాయన 1963లో దినకూలిగా చేరాడు. అప్పటికి తిరుపతికి చదువుల ఊరన్న పేరు కొత్తకొత్తగా పడుతోంది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1961లో వ్యవసాయ కళాశాల వచ్చాయి. కొండకు వచ్చిపోయే జనంతో బాటు హాస్టళ్ళలో ఉండే పిల్లకాయలు కూడా వీధుల్లో కనపడటం మొదలైంది. తోట వేసింది మేమంతా పెద్దసార్ అని పిలిచే ఆయన. కోయంబత్తూరులో అడవి చదువు చదివి, కొన్నాళ్ళు డెహ్రాడూన్‌లో ఉండి వచ్చిన మనిషి. ఖాకీ నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. నడుముకు ఒక చాకు, మెడలో తాడుకు కట్టిన భూతద్దం. ఎండాకాలం కూడా ఇదే వేషం.

ఆయన పెట్టిన షరతు ఒకటే. కొండ మీద ఉండే చెట్లన్నీ కింద ఉండాలి. శేషాచలంలో పుట్టింది తప్ప ఇంకోటి ఈ నాలుగెకరాల్లో అడుగు పెట్టకూడదు. కమిటీలో ఎవరో గుల్‌మొహర్ వేస్తే రోడ్డు మీదికి ఎర్రగా అందంగా ఉంటుందన్నారట. “అది మడగాస్కర్ నుంచి వచ్చిన చుట్టం. చుట్టానికి గేటు బయట అరుగు వేద్దాం, నడింట్లో మంచం వద్దు” అన్నాడట పెద్దసార్. నీలగిరి చెట్లకు కూడా అదే జవాబు. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా నీలగిరే నాటుతున్నారు కాబట్టి ఆయన మొండితనం చాలామందికి గిట్టలేదు. గేటు బయట గుల్‌మొహర్లు మాత్రం వేశారు. బాగా పూసేవి కూడా, ఒప్పుకోవాలి.

విత్తనాల కోసం జీపులో భాకరాపేట దాకా పోయి, అక్కడి నుంచి తలకోన వైపు నడక. మామండూరు, బాలపల్లె, చామల వైపు కూడా పోయేవాళ్ళు. దారి చూపించేది ఒక యానాది పెద్దాయన. పెద్దసార్ లాటిన్ పేరు చెప్పేవాడు, యానాది పెద్దాయన ఆ చెట్టు దేనికి పనికొస్తుందో చెప్పేవాడు, మా నాయన గోనెసంచి మోసేవాడు. మూడు రోజుల తర్వాత ఇంటికొస్తే ఆ సంచి వాసన ఇల్లంతా నిండేది. తడి మన్ను, కుళ్ళిన ఆకు, మధ్యలో ఎక్కడో కొండసాంబ్రాణి బంక. ఒకసారి నాకోసం గిల్లకాయ తెచ్చాడు. తలకోనలో చెట్ల మీద కొండచిలువల్లాగా పాకే గిల్లతీగ ఉంది చూడండి, దాని కాయ. మూరెడుకు మించిన పొడవు, లోపల చేతి గడియారమంత గింజలు, నున్నగా, గోధుమరంగులో. ఆ గింజను బండకు రుద్ది పక్కనోడి చేతికి ఆనిస్తే చురుక్కుమంటుంది. మా బళ్ళో ఏడాదంతా నాదే పెత్తనం.

తంబజాలారి గింజల సంగతి వేరు. ఆ చెట్టు ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప ఎక్కడా లేదు. కాయకు అయిదు రెక్కలుంటాయి, మూడు పెద్దవి, రెండు చిన్నవి. కొమ్మ నుంచి ఊడితే బొంగరంలా తిరుగుతూ దిగుతుంది. చూడడానికి ముచ్చటే గానీ దాచిపెట్టుకునే గింజ కాదు. తెచ్చినవి తెచ్చినట్టే నాటాలి, ఆరితే చచ్చిపోతుంది. అందుకని అవి తెచ్చిన రాత్రి మా నాయన ఇంటికే వచ్చేవాడు కాదు. లాంతరు పెట్టుకొని తోటలోనే బుట్టల్లో మన్ను నింపుతా కూర్చునేవాడు. అమ్మ నా చేత సంగటి ముద్ద, ఊరిబిండి పంపించేది.

ఎర్రచందనానికి ఆ తొందర లేదు, దాని బాధ దానిది. కాయ పాత రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్దదిగా పల్చటి అప్పడంలా ఉంటుంది. మధ్యలో ఉబ్బిన చోట ఒకటో రెండో గింజలు. నాటితే మొలవదు. అలిగి కూర్చుంటుంది. మా నాయన పేడనీళ్ళలో మూడు రోజులు నానబెట్టేవాడు, మధ్య మధ్య తీసి ఎండకు ఆరబెట్టేవాడు, మళ్ళీ నానబెట్టేవాడు. “కోడలిని పుట్టింటి నుంచి తెచ్చినట్టు బతిమాలుకోవల్ల” అనేవాడు. సగం మొలిస్తే పండగ. మొలిచాక కూడా ఎదుగుదల కంటికి ఆనదు. మేము పెరిగి పెళ్ళిళ్ళు చేసుకునేసరికి దాని కాండం నా తొడంత అయింది. అప్పటికి బెరడు మొసలి తోలులాగా పలకలు పలకలుగా పగిలింది. చాకుతో గీరితే నెత్తురులాగా కారుతుంది, రక్తచందనం అని ఊరికే అనలేదు.

మా ఇంట్లో ఎర్రచందనం ఆలుమగల బొమ్మలుండేవి, కొండకింద అంగళ్ళలో అమ్మేవి. ఎవరికైనా వాపు వస్తే అమ్మ ఆ బొమ్మల్లోని మగవాణ్ణి సానమీద అరగదీసి పట్టు వేసేది. ఆడబొమ్మ జోలికి పోయేది కాదు, ఎందుకో అడగలేదు. మా అందరి వాపులూ తగ్గేసరికి ఆయనకు ముక్కు, ఒక భుజం లేకుండా పోయాయి.

పేరితలు ఒక వరసలో ఉండేవి. చూస్తే ఈతచెట్టు మాదిరి, ఈతచెట్టు కాదు. సైకస్ బెడ్డోమీ. మద్రాసు ప్రెసిడెన్సీ అడవులకు కన్జర్వేటరుగా చేసిన బెడ్డోమ్ దొర పేరది. ప్రపంచం మొత్తం మీద దాని సొంతూరు ఈ కొండలే. అందులో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. మగచెట్టు నెత్తిన మొక్కజొన్న పొత్తు మాదిరి పెద్ద కంకి వస్తుంది. మందుకని కోసుకుపోయేవాళ్ళ కన్నంతా దానిమీదే. కంకి వచ్చిన నెలలో మా నాయన మంచం తోటలోనే.

ఇక రేకుల సంగతి.

ప్రతి చెట్టుకూ ఒక రేకు. పిల్లకాయలు లేబుల్ అనేవాళ్ళు, తోటలో మాత్రం రేకే. డాల్డా డబ్బాలు మెస్సు నుంచి వచ్చేవి. మూత, అడుగు తీసేసి, కత్తెరతో నిలువునా చీల్చి, బండమీద పెట్టి సుత్తితో చదును చేసేవాళ్ళు. అంచులు మడవకపోతే చెయ్యి తెగుతుంది. దానికి నల్లరంగు వేసి రెండ్రోజులు ఆరబెట్టాక, సినిమా బోర్డులు రాసే పెయింటరు వచ్చి పెద్దసార్ కాగితం చూసి తెల్లక్షరాలు దించేవాడు. పైన లాటిన్ పేరు, కింద కుటుంబం, ఆ కింద విత్తనం తెచ్చిన చోటు. రెండు మేకులతో చెట్టుకు కొట్టడం మా నాయన పని. మేకు పూర్తిగా దిగకొట్టకూడదని పెద్దసార్ హుకుం, అర అంగుళం వదలాలి. చెట్టు లావయ్యేకొద్దీ రేకును మింగేస్తుంది కాబట్టి ఏటా ఒకసారి మేకులు కాస్త బయటికి లాగాలి. ఈ లాగే పని మా నాయన సంక్రాంతి ముందర పెట్టుకునేవాడు, ఇంటికి సున్నం కొట్టినట్టు.

1976లో వానలు వెనకబట్టాక ఒక కట్ట రేకులు తయారయ్యాయి. పెద్దసార్ మీటింగని హైదరాబాదు పోయాడు. మా నాయనకు అక్షరం ముక్క రాదు. నేను ఏడో తరగతి, ఏబీసీడీలు వచ్చిన ఘనుణ్ణి. ఆదివారం నన్ను వెంటబెట్టుకొని పోయాడు. ఆయన చెట్టు పేరు తెలుగులో చెబుతాడు, పెద్దసార్ ఇచ్చిన జాబితా చూసి ఆ రేకు నేను ఏరి ఇవ్వాలి. కరక దగ్గరికి వచ్చాం. దాని పక్కనే తెల్లకరక. జాబితాలో రెంటికీ మొదటి మాట ఒకటే, టెర్మినాలియా. నేను మొదటి మాట చదివి ఆగిపోయాను. రెండో మాట ఎవడు చూశాడు? ఎండగా ఉంది, గేటు బయట ఐసు బండి గంట వినపడుతోంది. చేతికందిన రేకు కరకకు ఇచ్చాను, మిగిలింది తెల్లకరకకు. మా నాయన భద్రంగా, అర అంగుళం వదిలి, నాలుగు మేకులు కొట్టాడు.

అయిదు నెలలు ఎవరూ చూడలేదు. మార్చిలో ప్రాక్టికల్ పరీక్షలు. రేకుల మీద కాగితం అంటించి, ఒక్కొక్కరినీ తోట చుట్టూ నడిపించి, చెట్టు పేరు రాయమంటారు. జవాబుల జాబితా చేసింది కొత్తగా చేరిన ఒక చిన్నసార్, రేకులు చూసుకుంటూ చేశాడు. భాకరాపేట వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఆ రెండు చెట్ల దగ్గరా తప్పు రాసిందని మార్కులు కోశాడు. ఆ పిల్ల ఊరుకోలేదు. రెండు చెట్ల నుంచీ చెరో రెమ్మ పట్టుకొని వచ్చి నిలబడింది. “సార్, మా అవ్వ కరక్కాయలు ఎండబెట్టి అమ్ముతాది. పుట్టినప్పటి నుంచి చూస్తా ఉండా. ఇది కరక, అది తెల్లకరక. మీ రేకే తప్పు” అంది.

పెద్దసార్ వచ్చాడు. రెమ్మలు తీసుకొని ఆకు తిరగేశాడు, భూతద్దం పెట్టాడు. “పల్లిడా అంటేనే పాలిపోయినది అని అర్థం. చూడండయ్యా, ఆకు పాలిపోయి ఉందా లేదా” అన్నాడు చిన్నసార్‌తో. అమ్మాయి మార్కులు అమ్మాయికి వచ్చేశాయి. తర్వాత ఇటు తిరిగి అడిగాడు, “ఈ రేకులు ఎవరు కొట్టారు?”

నేను బావి గోడ వెనక బకెట్ పట్టుకొని ఉన్నాను. మా నాయన నా వైపు చూడను కూడా చూడలేదు.

“నేనే సార్” అన్నాడు.

అబద్ధం కాదు కదా, కొట్టింది ఆయనే.

ఆ రాత్రి తన్నులు తప్పవనుకున్నాను. సంగటి తినడం అయ్యాక మా నాయన పొయ్యిలోంచి ఒక బొగ్గు తీసి నా చేతికిచ్చి, “ఆ రెండు రేకులకీ తేడా యాడుండాదో రాయి” అన్నాడు. గచ్చు మీద రెండో మాటల మొదటి అక్షరాలు రాశాను. తెల్లకరక పల్లిడాకు పి, కరక చెబులాకు సి. ఆయన దీపం దగ్గరికి జరుపుకొని చాలాసేపు చూశాడు. “ఇదేమో గరిటె, అదేమో కొడవలి” అన్నాడు. కాసేపటికి, “ఇంత కొడవలి కోసం ఆ బిడ్డ అంతసేపు కొట్లాడాల్సి వచ్చె” అన్నాడు. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదేమో.

పొద్దున పోయి రేకులు మార్చాడు. మార్చే ముందు మేకుతో మూలన బొక్కలు పొడిచాడు. కరకకు ఒకటి, తెల్లకరకకు రెండు. “అబ్బోడి చదువును నమ్ముకుంటే లాభంలేదు సార్, నాకూ ఒక గుర్తుండల్ల” అని పెద్దసార్‌కు చెప్పాడట. అక్కడితో ఆగలేదు. ఏడాది తిరిగేసరికి తోటలో ఉన్న అరవై చిల్లర జాతులకూ బొక్కల లెక్క తయారైంది. ఎర్రచందనానికి నిలువునా మూడు, తంబజాలారికి ముక్కాలిపీట మాదిరి మూడు, మొగికి నాలుగు మూలలా నాలుగు, పేరితకు వరసగా అయిదు. చీకట్లో వేలితో తడిమి చెట్టు పేరు చెప్పేవాడు. నిజానికి ఆయనకు బెరడు తడిమితే చాలు, బొక్కలతో పనిలేదు. కానీ అది ఆయన రాసుకున్న రాత.

పెద్దసార్‌కు ఆ బొక్కలు తెగ నచ్చాయి. ప్రతి బ్యాచికీ వాటిని చూపించి బ్రాండిస్ దొర కథ చెప్పేవాడు. నేను బావి దగ్గర నిలబడి ఎన్నిసార్లు విన్నానో. డైట్రిచ్ బ్రాండిస్ జర్మనీ మనిషి, వృక్షశాస్త్రం పంతులు. 1856లో బర్మాలో పెగూ టేకు అడవుల మీద అధికారిగా వచ్చాడు. ఎన్ని చెట్లున్నాయి, ఎంత లావున్నవి ఎన్ని అని లెక్క తేలితే గానీ ఎన్ని కొట్టొచ్చో తెలియదు. ఏనుగెక్కి అడవిలో పడ్డాడు. ఆ వానలో కాగితం నిలుస్తుందా? చేతిలో నాలుగు కర్రలు పట్టుకున్నాడు. ఒక్కో లావుకు ఒక్కో కర్ర. చెట్టు కనపడగానే ఆ కర్ర మీద చాకుతో ఒక గాటు. రోజంతా గాట్లు, సాయంత్రం గుడారంలో కూర్చొని లెక్క. ఆ లెక్క మీద నిలబడింది బర్మా టేకు. 1864లో ఈ దేశం మొత్తానికి మొదటి అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. 1878లో డెహ్రాడూన్‌లో అడవి బడి ఆయన హయాంలోనే మొదలైంది. ముసలితనంలో ఆయన దగ్గర సలహాలు తీసుకున్న పించో అనే అమెరికా కుర్రాడు, వెనక్కి పోయి 1900లో యేల్ విశ్వవిద్యాలయంలో అడవి చదువుల బడి పెట్టించాడు.

ఇదంతా చెప్పి చివర్లో పెద్దసార్ తెల్లకరక రేకు మీద వేలు పెట్టేవాడు. టెర్మినాలియా పల్లిడా, పక్కన బ్రాండిస్ అని ఉంటుంది. ఆ చెట్టుకు ఆ పేరు పెట్టింది ఆయనే. “ఆ బ్రాండిసు గాట్లు పెట్టాడు, మన బ్రాండిసు బొక్కలు పెట్టాడు” అనేవాడు. పిల్లకాయలు నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళు హాస్టల్లో మా నాయన పేరు బ్రాండిసన్న.

పెద్దసార్ 1981లో రిటైరై సొంతూరికి పోయాడు. తర్వాత వచ్చినవాళ్ళలో మంచివాళ్ళున్నారు, పట్టనివాళ్ళున్నారు. ఒక పక్క ఎకరా కొత్త బిల్డింగుకు పోయింది. బోరు వేశారు, బావి పూడ్చారు. మా నాయన 1996లో రిటైరయ్యాడు. ఇద్దరు చేసే పని ఒకరికి, తర్వాత ఎవరికీ కాకుండా పోయింది. ఆ మధ్య ఒక రాత్రి గోడ దూకి రెండు ఎర్రచందనాలు కోసుకుపోయారు. కొండల్లో జరుగుతున్నదే, ఊళ్ళోకి వచ్చింది. మా నాయన విని పోయి చూసొచ్చి, “కోసిన మొదలు పుండు మాదిరి ఎర్రగుండాది” అన్నాడు. ఆ పూట అన్నం తినలేదు.

2009లో మా అమ్మాయి పురిటికని బోస్టన్ పోయాం. అక్కడ హార్వర్డ్ వాళ్ళ ఆర్నాల్డ్ అర్బొరేటం ఉందని తెలిసి, మంచు తగ్గాక ఒకరోజు అల్లుడు దింపితే పొద్దుగూకేదాకా తిరిగాను. 1872లో మొదలుపెట్టారు, 281 ఎకరాలు. నాకు చెట్లేవీ తెలియవు. తెలిసిన ముఖం కోసం పెళ్ళిలో వెతుక్కున్నట్టు వెతికాను. కానీ ప్రతి చెట్టుకూ చిన్న లోహపు రేకు వేలాడుతోంది! పేరు, కుటుంబం, ఒక నంబరు. చాలా నంబర్ల చివర ఆ మొక్క తోటకు వచ్చిన ఏడాది కూడా ఉంటుందని అక్కడి మనిషి చెప్పింది. ఆ నంబరు పట్టుకుంటే విత్తనం ఎక్కడిదో, ఎవరు తెచ్చారో పుస్తకంలో దొరుకుతుందట. మా తోటలో ఆ పుస్తకం మా నాయనే. “ఈ తంబ మీ చెల్లెలు పుట్టిన ఏడు, బాలపల్లె గింజ” అని చెప్పేవాడు.

ఆ రాత్రి ఫోన్ చేశాను. 1882లో హార్వర్డ్ వాళ్ళు ఆ నేలను బోస్టన్ నగరానికి ఇచ్చి, మళ్ళీ దాని దగ్గరే వెయ్యేళ్ళకు లీజుకు తీసుకున్నారని, కౌలు ఏడాదికి ఒక్క డాలరని చెప్పాను.

“వెయ్యేండ్లకా?” అన్నాడు. కాసేపు మాట లేదు. “సాచ్చి సంతకం ఎవురు పెట్టినారంట?”

మా నాయన 2014లో పోయాడు. ఆ బొక్కల లెక్క మొత్తం నేను రాసిపెట్టుకోలేదు. ఓ ఇరవై గుర్తున్నాయి, మిగతావి ఆయనతోనే పోయాయి. ఇది నా రెండో తప్పు, దీన్ని మార్చడానికి రేకులూ లేవు, మేకులూ లేవు.

2021 నవంబరు వానలు తిరుపతివాళ్ళకు చెప్పక్కర్లేదు. కపిలతీర్థం పొంగడం, వీధుల్లో కార్లు తేలడం అందరూ చూశారు. నీళ్ళు తీశాక నాలుగో రోజు తోటకు పోయాను. వాచ్‌మన్ తెలిసినవాడే, లోపలికి పోనిచ్చాడు. నడవడానికి లేదు, మోకాలిదాకా బురద. కరకలున్న వైపు రెంటిలో ఒకటి వేళ్ళతో సహా పడిపోయి ఉంది. ఆకంతా రాలిపోయింది, మిగిలింది బురద పూసుకొని ఉంది. ఏది పడిందో, ఏది నిలబడిందో నాకు తేలలేదు. చిన్నప్పుడు చూసిన చోటు కాదిది, గోడ జరిగింది, బాట జరిగింది. ఏ రేకూ కనపడలేదు. మేకులు లాగేవాళ్ళు లేక ఎప్పుడో లోపలికి పోయాయి.

పడిన మాను పక్కన కూర్చొని బెరడు తడిమాను. రొమ్మెత్తులో ఒక చోట పెదవులు మూసుకున్నట్టు సన్నటి మడత ఉంది. వాచ్‌మన్ దగ్గర కొడవలి తీసుకొని, కొసతో మెల్లగా బెరడు పెళ్ళగించాను. లోపల రేకు. ముప్పావు భాగం చెట్టు తినేసింది, అక్షరం ఒక్కటి లేదు, అంతా తుప్పు. మూల మాత్రం మిగిలింది. బొటనవేలితో బురద తుడిచి తడిమాను.

రెండు బొక్కలు.

“ఏం చెట్టు సామీ అది?” అన్నాడు వాచ్‌మన్.

“తెల్లకరక” అన్నాను.